బిగువు కొలిచినదాన్ని

నేను ఒక ప్రోబ్‌ని. పేరు వినగానే మొహం అలా పెట్టకండి. స్కానింగ్ సెంటర్లో మీ పొట్ట మీద చల్లటి జెల్లీ పోసి, నున్నటి పరికరం ఒకటి పట్టుకుని అటూ ఇటూ పాముతారే, అదే నేను. మీరు చూసేది స్క్రీన్‌ని, దండం పెట్టేది డాక్టరుకి. నన్ను మాత్రం పనయ్యాక కాగితంతో తుడిచి కొక్కేనికి తగిలిస్తారు. పోనివ్వండి. మనుషుల దగ్గర్నుంచి మర్యాద ఆశించేంత అమాయకత్వం నాకు మొదట్నుంచీ లేదు. వాళ్ళ చర్మం కింద ఏముందో చూసినదాన్ని.

అయితే నేను మామూలు ప్రోబ్‌ని కాను, ఆ ముక్క ముందే చెప్పుకోవాలి. కడుపులో బిడ్డ తల ఎటుందో, కిడ్నీలో రాయి ఎంతుందో చూడటం మా జాతిలో ఎవరైనా చేస్తారు. నేను బిగువు కొలుస్తాను. నాలోంచి ఒక తోపు మీ కండలోకి వెళుతుంది. మీకు తెలియనే తెలియదు. ఆ తోపుకి లోపల చిన్న అల లేస్తుంది. నులక మంచం బిగించి ఉంటే ఈ మూల తట్టినా ఆ మూలకి వెంటనే తెలుస్తుంది, వదులు మంచానికి అంత తొందరగా తెలియదు. కండా అంతే. బిగుసుకున్న కండలో అల పరుగెడుతుంది, వదులుగా ఉన్న కండలో నింపాదిగా నడుస్తుంది. ఆ నడక చూసి నేను ఒక అంకె చెబుతాను. అంకె పెద్దదైతే బిగువు ఎక్కువ. ఎంత బిగుసుకుందో చెబుతాను గానీ ఎందుకు బిగుసుకుందో చెప్పను. అది చెప్పమని నన్ను ఎవరూ అడగలేదు, తయారుచేసినవాళ్ళు కూడా.

సముద్రాల అవతల, దుమ్ము కూడా దూరని గదిలో నేను పుట్టాను. తలకి టోపీలు, మూతికి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు వెంట్రుకకన్నా సన్నటి తీగలు నాలో అతికారు. ఆ తర్వాత ఒక రబ్బరు దిమ్మ మీద పెట్టి పరీక్ష చేశారు. అంత నిజాయితీ గల ఒంటిని నేను మళ్ళీ చూడలేదు. ఎదురుగా ఎవరొచ్చి నిలబడినా దాని బిగువు మారేది కాదు.

మొదట నన్ను హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రి కొనుక్కుంది. అక్కడ నా పని కాలేయాలు చూడటం. "ఎప్పుడో ఒకసారి, ఫ్రెండ్స్ బలవంతం చేస్తేనే" అంటూ పడుకునేవారు పెద్దమనుషులు. లోపల చూస్తే కాలేయం ఎండిన చెక్కలా ఉండేది. పక్కనే భార్య నిలబడి "మా ఆయన దేవుడండీ" అనేది. నేను అంకె చెప్పేదాన్ని. ఆవిడ మొహం మాడిపోయేది. ఆ ఉద్యోగం నాకు బాగా నచ్చింది, దాచుకోను. కొత్త మోడల్ వచ్చాక నన్నూ నా స్క్రీన్‌నీ కలిపి బయటికి తోసేశారు. అలా నిజామాబాదు దాటి, పసుపు చేల మధ్య కట్టిన ఒక ప్రైవేటు క్రీడా అకాడమీకి చేరాను.

ఆ అకాడమీకి కోచ్ గంగారెడ్డి. ఒకప్పుడు బాగా పరుగెత్తినవాడు. ఇప్పుడు ఆయన బదులు ఆయన గొంతు పరుగెత్తుతుంది. నడిస్తే రెండు మోకాళ్ళూ టకటకమంటాయి. పిల్లలు ఓడిపోతే తొడలు బిగుసుకుపోవడమే కారణమని ఆయన నమ్మకం. నెగ్గితే మాత్రం కారణం తానే. ఆయనకి తోడు వైదేహి అని గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ. మందులిచ్చే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. తొడ వెనక కండని సాగదీస్తే బిగువు ఎంత తగ్గుతుందో నాతో కొలిచి, ఒక పెద్ద వ్యాసం రాసి, మంచి ఉద్యోగంలోకి వెళ్ళిపోవాలని ఆవిడ ఆశ. చెడ్డ మనిషి కాదు. పిల్లల్ని అమ్మా అనే పిలిచేది. తొందర ఒక్కటే ఆవిడ జబ్బు.

కొలత గదిలో మంచం ఎలా వెయ్యాలన్న దగ్గరే మొదలైంది అసలు సంగతి. వైదేహి తల గుమ్మం వైపు వేద్దామంది. గంగారెడ్డి ఒప్పుకోలేదు.

"తల దక్షిణం దిక్కే ఉండాలె మేడం. ఉత్తరం దిక్కు తల పెట్టి పండుకునేది సచ్చినోడే" అన్నాడు.

సరే, తల దక్షిణానికి. అంటే కాళ్ళు ఉత్తరానికి, గుమ్మం వైపు. పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, తొడ కింద దిమ్మ పెట్టి ఎత్తేవారు. మడమకి పట్టీ కట్టి ఒక యంత్రం చేతికి తగిలించేవారు. ఆ చెయ్యి మోకాలిని మెల్లగా తిన్నగా చాపేది. తొడ కింద నేను ఆనుకుని కొలిచేదాన్ని. గంగారెడ్డి వచ్చి సరిగ్గా గుమ్మం దగ్గర, చేతులు కట్టుకుని నిలబడేవాడు. అంటే కాలు చాపిన కొద్దీ పిల్ల అరికాలు సార్ మొహానికి ఎదురుగా వెళ్ళేదన్నమాట. ఆ గదిలో ఇది గమనించింది నేనూ, మంచం మీద పడుకున్న పిల్లా మాత్రమే.

ఆ పిల్ల పేరు ఎల్దండి అఖిల. జగిత్యాల వైపు పల్లె. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది. అఖిల హర్డిల్స్ దూకుతుంది. ఎలా దూకుతుందో నేను చూడలేదు, నా కేబుల్ గడప దాటదు. కానీ ఆ తొడ మీద ఆనినదాన్ని నేను. అలాంటి కండ నా చేతికి మళ్ళీ తగల్లేదు. మెత్తగా, నిండుగా, వదిలితే ఇట్టే జారిపోయేలా ఉండేది. సార్ లేనప్పుడు అలా ఉండేది.

సార్ గుమ్మంలోకి వచ్చాడంటే ఆ కండ పిడికిలి బిగించేది. ఎందుకంటారా? జెల్లీ సీసా అయిపోయి వైదేహి స్టోర్ రూముకి వెళ్ళినప్పుడు, అఖిల తన తోటి పిల్ల కీర్తనకి నవ్వుతూ చెప్పింది.

"మా ఇంటికి పెద్దమనుషులెవరన్న వచ్చినప్పుడు కాళ్ళు సాపి కూసుంటే, మా అమ్మ బీడీల చాట ఎత్తి మోకాలు మీద ఒక్కటి పెట్టేది. ఇప్పుడు సార్ మొఖం కాడ పాదం పెట్టాలంటే పానం గుంజుకపోతాంది. మనసుల దండం పెట్టుకుంటున్న."

"నాకైతే ఏమనిపియ్యదు. మా డాడీ కార్ల నేను కాళ్ళు ముంగటికేసి పండుకుంట" అంది కీర్తన.

తేడా అదీ. కాలు వెనక్కి లాక్కోవాలంటే లాగేది తొడ వెనక కండే. అఖిల మర్యాద కొద్దీ కాలు లాక్కోబోయేది, పట్టీ లాక్కోనిచ్చేది కాదు. పైకి కాలు కదిలినట్టే ఉండదు. లోపల కండ మాత్రం శక్తికొద్దీ గుంజుతూ ఉండేది. నేను ఉన్నది ఉన్నట్టు కొలిచాను. అంకె కొండెక్కి కూర్చుంది. కీర్తన అంకె అందులో సగం కూడా లేదు.

"ఏంది మేడం గిది, పొల్ల తొడనా టేకు మొద్దా?" అన్నాడు గంగారెడ్డి.

"కొందరికి పుట్టుకతోనే బిగువు ఎక్కువగా ఉంటుంది సార్. సాగదీస్తే తగ్గాలి" అంది వైదేహి.

గంగారెడ్డికి ఆ మాట చాలు. నన్ను చూసిన రోజునుంచీ ఆయనకి నా అంకెల మీద భక్తి కుదిరింది. అంతకుముందు పరుగు చూసి పిల్లల్ని ఎంచుకునేవాడు. ఇప్పుడు నన్ను చూసి ఎంచుకుంటానన్నాడు. జాతీయ పోటీలకి హర్డిల్స్‌లో ఒక్కరినే పంపాలి. అఖిలో, కీర్తనో. వెళ్ళినవాళ్ళకి హాస్టల్ సీటు నిలుస్తుంది, మిగిలినవాళ్ళు ఇంటికి పోవాలి. కీర్తనకి ఇల్లంటే ఏసీ గది. అఖిలకి ఇల్లంటే తునికాకు, కత్తెర, ముందు పెట్టుకున్న చాట. పరుగులో అఖిలే ముందుండేదని అందరికీ తెలుసు. అయినా గంగారెడ్డి ఒకే మాట మీద నిలబడ్డాడు.

"బిగిసిన తొడతోని పోతే నడిమిట్ల తెగుతది, నా పరువు పోతది. నంబర్ తగ్గితేనే నువ్వు పోతవు బిడ్డా. మిషన్ అబద్ధమాడది."

నిజమే, నేను అబద్ధమాడను. ఆ మాటకి నాకు గర్వంగానే ఉండింది.

ఒకసారి గంగారెడ్డి ఊళ్ళో లేడు. వైదేహి అఖిలని ఒక్కదాన్నే పడుకోబెట్టి కొలిచింది. గుమ్మంలో ఎవరూ లేరు. అఖిల కాలు చాపి హాయిగా కళ్ళు మూసుకుంది. అల ఆ కండలో షికారుకి వెళ్ళినట్టు నడిచింది. అంకె కీర్తన అంకెకన్నా కిందికి దిగింది. వైదేహి స్క్రీన్ వంక చూసి నుదురు చిట్లించింది. నన్ను తీసి నా మూతి తుడిచి, మళ్ళీ ఆనించి, మళ్ళీ చూసింది. అదే అంకె.

"ప్రోబ్ సరిగ్గా ఆనట్లేదు, రేపు చూద్దాంలే అమ్మా" అని ఆ కొలత చెరిపేసింది. ఆ పిల్ల తొడ గురించి నేను చెప్పినవాటిలో అసలు నిజం అదొక్కటే. అది కాస్తా చెత్తబుట్టలోకి పోయింది.

అఖిల మంచం దిగుతూ, ధైర్యం చేసి ఒక మాట అడిగింది. "మేడం, ఎప్పటికీ సార్ లేనప్పుడే కొలుస్తరా?"

"ఎందుకమ్మా?"

అఖిల నేల చూపులు చూసింది. సార్ వంక కాళ్ళు చాపడానికి సిగ్గుగా ఉందని చదువుకున్న మేడం ముందు ఎలా చెబుతుంది? నవ్వుతారేమోనని భయం. "ఏం లేదు మేడం" అంది.

"సార్ దగ్గరుండి చూడటమే నీకు మంచిది. ఆయన కళ్ళతో ఆయన చూస్తేనే కదా నిన్ను పంపేది" అంది వైదేహి. ఎంతో ప్రేమగా చెప్పింది ఆ మాట.

ఇక సాగదీత సంగతి. మంచం పక్కనే చాప పరిచి గంగారెడ్డి స్వయంగా చేసేవాడు. అఖిలని వెల్లకిలా పడుకోబెట్టి, ఆమె మడమ తన భుజం మీద పెట్టుకుని, బరువంతా వేసి ముందుకి వంగేవాడు. ఎదురుగా నిలబడితేనే గుంజుకుపోయిన పిల్ల, పాదం ఏకంగా గురువు భుజమ్మీద పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆయన ముందుకి తోస్తుంటే, ఆమె కండ తనకి తెలియకుండానే వెనక్కి గుంజేది. వదలమని ఆయన అరిచేవాడు. అరిచిన కొద్దీ అది ఇంకా గుంజుకునేది. అయిపోగానే అఖిల లేచి, పాదం తగిలిన ఆయన భుజాన్ని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకునేది. రోజూ అంతే.

"గిది సంస్కారమంటే. సూడుండ్రి" అని గంగారెడ్డి మురిసిపోయి తక్కిన పిల్లలకి చూపించేవాడు. ఆ సంస్కారమే తొడలో ఉందని, దాన్నే తాను రోజూ భుజంతో తోస్తున్నానని ఆయనకి ఏ జన్మకీ తట్టదు.

సాగదీశాక మళ్ళీ మంచం ఎక్కించి కొలిచేవారు. అంకె తగ్గకపోగా పెరిగేది. నొప్పికి కొంత, ఎదురుగా సార్ ఉన్నందుకు కొంత. "ఇంకింత గుంజాలె" అనేవాడు ఆయన. "ప్రోగ్రాం ఇంటెన్సిటీ పెంచుదాం" అనేది ఆవిడ. భాష వేరు గానీ మాట ఒకటే. అఖిల మాత్రం ఎవరేమన్నా తలూపేది. ఆ పిల్ల అన్నం కూడా తగ్గించిందని కీర్తన ఎవరితోనో చెబుతుంటే విన్నాను. ఒళ్ళు తగ్గితే తొడ కూడా వదులవుతుందని ఎవరో చెప్పారట. నాకు నవ్వొచ్చింది.

పోటీలకి పేరు పంపాల్సిన గడువు ముంచుకొచ్చింది. చివరి సాగదీత రోజున గంగారెడ్డి ఎప్పటికన్నా గట్టిగా వంగాడు. ఆ ఒత్తిడికి అఖిల తొడలో ఏదో టప్పుమంది. గదిలో ఉన్న ముగ్గురికీ వినబడింది.

"ఏం కాలె, నా మోకాలే" అని గంగారెడ్డి తన మోకాలు తట్టుకుని నవ్వాడు. ఆయన మోకాళ్ళు రోజూ మోగేవే కదా, వైదేహి కూడా నవ్వింది. అఖిల కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. నోరు మాత్రం తెరవలేదు. తెరిస్తే ఇంటికి పంపుతారు. ఎప్పట్లాగే లేచి, గోడ పట్టుకుని, సార్ భుజాన్ని తాకి కళ్ళకద్దుకుంది. అప్పుడే కరెంటు పోయింది. కొలత మర్నాటికి వాయిదా పడింది.

మర్నాడు పొద్దున అఖిల ఎన్ని నొప్పి మాత్రలు మింగి వచ్చిందో తెలియదు. అడుగులు లెక్కబెట్టుకుంటున్నట్టు నడుస్తూ వచ్చి పడుకుంది. నన్ను తొడ కింద ఆనించారు. నిన్నటిదాకా నారలు వరుసగా, దగ్గర దగ్గరగా ఉన్న చోట ఈ రోజు ఒక నల్లటి గుంట ఉంది. తెగిన కొసలు రెండు పక్కలా ముడుచుకుపోయి, నడుమ నెత్తురు చేరి ఉంది. యంత్రం చెయ్యి కాలుని తిన్నగా చాపింది. పాదం వెళ్ళి గంగారెడ్డి మొహానికి ఎదురుగా ఆగింది. అఖిల ఎప్పట్లాగే కాలు వెనక్కి లాక్కోబోయింది. లాగడానికి అక్కడ బలం మిగల్లేదు. నా అల ఆ నెత్తుటి గుంటలో ఈడ్చుకుంటూ నడిచింది. నేను అంకె చెప్పాను. అఖిల పేరు మీద అంత చిన్న అంకె ఎన్నడూ పడలేదు.

వైదేహికి ఆ నల్ల మచ్చ కనబడలేదని నేను అనను. కనబడింది. దాని మీద ఒక్క క్షణం ఆవిడ చూపు ఆగింది.

"ఇక్కడ కాస్త వాచినట్టుందేమిటమ్మా? నొప్పి ఉందా?"

"లేదు మేడం. బాత్రూంల జారిన, గంతే."

"నిజంగా?"

అఖిల సార్ వంక చూసింది. "మంచిగున్న మేడం" అంది.

వైదేహి ఇంకాస్త జెల్లీ పోసి మళ్ళీ అంకె చూసింది. ఎన్నాళ్ళనుంచో ఆవిడ వ్యాసానికి కావలసిన అంకె అది. గంగారెడ్డి అప్పటికే చప్పట్లు కొడుతున్నాడు.

"తగ్గింది మేడం. నేను చెప్పిన గదా, గుంజితే తగ్గుతదని. పొల్లా, నువ్వే పోతున్నవ్."

అఖిల నవ్వింది. ఆ నవ్వులో మాయా మర్మం ఏమీ లేదు, నిండు సంతోషం. మంచం మీదనే రెండు చేతులూ జోడించింది. ఆ పిల్ల అంత సంతోషంగా ఉండగా నేను ఇంకెప్పుడూ చూడలేదు.

నన్నేమీ అనకండి. అంకె అడిగారు, ఇచ్చాను.

పోటీల్లో అఖిల మూడో హర్డిల్ దగ్గర కూలబడిందట. దూకడానికి లేచిన కాలు దూకలేదట. సగం తెగిన కండ అక్కడ పూర్తిగా తెగింది. స్ట్రెచర్ మీద మోసుకుపోయారని, ఆమె ఏడుస్తూ కూడా "ముందుగాల్నే నొప్పుండెనని సార్‌కి చెప్పకుండ్రి" అందని, సామాను తీసుకుపోవడానికి వచ్చిన కీర్తన తర్వాత చెప్పింది. గంగారెడ్డి తిరిగొచ్చి ఈ గదిలోనే కుర్చీలో కూలబడ్డాడు.

"నంబర్ మంచిగనే ఉండె మేడం. వార్మప్ సక్కగ చెయ్యలె పొల్ల. భయపడ్డది."

"అవును సార్. మన డేటా ప్రకారం అయితే సమస్యే లేదు" అంది వైదేహి.

అఖిల ఒక బ్యాగుతో, చంకలో కర్రతో సెలవు తీసుకోవడానికి వచ్చింది. హాస్టల్ సీటు ఇంకొకరికి ఇచ్చేశారు. సార్ కాళ్ళు మొక్కుదామని వంగబోయింది, కాలు వంగనివ్వలేదు. చెయ్యి చాచి గాల్లోంచే మొక్కి కళ్ళకద్దుకుంది. "సల్లగుండు బిడ్డా" అన్నాడు గంగారెడ్డి. నిజంగానే బాధపడ్డాడు. బాధపడి, టీ తెప్పించుకుని తాగాడు.

వైదేహి వ్యాసం అచ్చయింది. అఖిల పేరు ఉండదు అందులో, ఒక చుక్క ఉంటుంది. సాగదీతకి ముందు చుక్క పైన, తర్వాత చుక్క అడుగున. అందరి చుక్కలకన్నా బాగా దిగిన చుక్క అదే. వ్యాసం చదివిన సభలో దాన్ని చూసే చప్పట్లు కొట్టారట. వైదేహికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్ళకి నాలో సగం తీగలు చచ్చి, స్క్రీన్ మీద చారలు పడసాగాయి. అకాడమీవాళ్ళు కొత్త ప్రోబ్ తెచ్చుకున్నారు. నన్ను పారెయ్యడానికి గంగారెడ్డికి మనసొప్పలేదు. వరండాలో కప్పులూ షీల్డులూ పెట్టే అద్దాల బీరువాలో నన్ను పడుకోబెట్టాడు. నా పక్కన అఖిల చుక్కల బొమ్మని ఫ్రేము కట్టించి పెట్టాడు. ఇక్కడ చేరడానికి వచ్చే పిల్లలందరినీ ముందు మా దగ్గరికే తీసుకొస్తాడు.

ఈ ఏడు చేరడానికి వచ్చిన పిల్లల్లో శరణ్య అని ఒకతె ఉంది. అఖిల చెల్లెలు. అదే పొడుగు కాళ్ళు, అదే నేల చూపు. తీసుకొచ్చింది అఖిలే. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. చేతి వేళ్ళు తునికాకుకి నల్లబడ్డాయి. గంగారెడ్డి ఆమెని చూసి నిజంగా పొంగిపోయాడు.

"మీ అక్క లెక్క తగ్గినోళ్ళు నా దగ్గర ఎవ్వలు లేరు. గిటు సూడు" అని శరణ్యకి ఫ్రేము చూపించాడు. "గిట్ల తగ్గాలె నీది గూడ." అంతలో ఫోను మోగితే అవతలికి వెళ్ళాడు.

అఖిల అద్దానికి దగ్గరగా వచ్చి చుక్కలని చూసింది. కిందికి దిగిన చుక్క మీద అద్దం పైనుంచే వేలు పెట్టింది. ఆమె కళ్ళలో కోపం కోసం వెతికాను. లేదు.

"ఇది నాదే. ఆఖరి దినం తగ్గింది" అంది చెల్లెలితో, మెల్లగా.

"ఎట్ల తగ్గింది అక్కా?"

"సార్ గుంజుతాంటే ముందురోజు పానం పోయినట్టయ్యింది. తొడల టప్పుమన్నది. నేను నోరు తెర్వలె. తెల్లారి సూస్తే నంబర్ తగ్గింది." చెల్లెలి జడ ముందుకి తీసి సర్దింది. "అట్ల టప్పుమనేదాంక ఓర్సుకోవాలె. నడుమల ఒర్లినవనుకో, ఇంటికి తోలుతరు. నేనే ఓర్సుకున్న గని, తర్వాత దూకుడు నాకు శాతగాలె. నువ్వు దూకుతవు."

శరణ్య ఫ్రేము వంకా, అక్క మొహం వంకా చూసి తలూపింది. గంగారెడ్డి ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చి, కొలత గది తలుపు తెరిచి, లోపలికి రమ్మన్నాడు. అఖిల చెల్లెలి వీపు మీద చెయ్యేసి మెత్తగా ముందుకి నెట్టింది.